మంచునీళ్లలో ముంచిన సాక్షి

ఈ వేసవిలో మా ఇంట్లో ఒక దొంగతనం కేసు నడిచింది. పోయిన సొత్తు మామిడిపండు. ముద్దాయి మా అమ్మ. ఫిర్యాది నేను. నా తరఫు సాక్షి, ఫ్రిజ్‌లో వేలాడే డిజిటల్ థర్మామీటరు.

మా అమ్మకు 74 ఏళ్లు. చాలాకాలంగా ఇన్సులిన్ మీద నడుస్తున్న మనిషి. తెరవని ఇన్సులిన్ సీసాలు 2 డిగ్రీలకూ 8 డిగ్రీలకూ మధ్య చల్లదనంలో ఉండాలి. అంతకంటె వేడెక్కితే బలం తగ్గుతుంది. గడ్డకట్టిందా, ఇక పారెయ్యవలసిందే. ఈ సంగతి తెలిసే మా ఆవిడ ఒక డిజిటల్ థర్మామీటరు తెప్పించింది. అరచేతిలో పట్టే పెట్టె తలుపు బయట అంటించి ఉంటుంది. దానినుంచి సన్నటి తీగ లోపలికి వెళుతుంది. తీగ చివర తళతళలాడే చిన్న లోహపు గొట్టం. పెట్టె మీద అంకెలు, దశాంశంతో సహా.

రోహిణీకార్తె వచ్చింది. పాలు నిలవడం లేదని మా ఆవిడ ఫ్రిజ్ మీట 3 నుంచి 5కి తిప్పింది. ఈ 3లూ 5లూ డిగ్రీలు కావు సుమండీ. అంకె పెరిగినకొద్దీ చల్లదనం పెరుగుతుందనే గుర్తులు, అంతే. రెండు వారాలు గడిచాయో లేదో అమ్మ రక్తంలో చక్కెర పైకి పాకడం మొదలుపెట్టింది. 160 ఉండేచోట 280. ఒకనాడు 310. మందు మారలేదు, మోతాదు మారలేదు, తిండి మారలేదు. మారినదల్లా ఒక్కటే. మంచం పక్కన బుట్టలో బంగినపల్లి పళ్లు మాగుతున్నాయి.

“నేను ముట్టుకోలేదురా నాయనా. ఆ మందే చచ్చుబడిందేమో చూడు,” అన్నది అమ్మ.

“మందెందుకు చెడుతుందమ్మా? ఫ్రిజ్‌లో ఎంత చల్లగా ఉందో కళ్లెదుట కనిపిస్తోంది. 3.8. అంకె అబద్ధం చెప్పదు,” అన్నాను.

అమ్మ మరి మాట్లాడలేదు. నేను పళ్లబుట్ట తీసి అటకెక్కించాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

నాలుగోరోజున కొత్త సీసాకోసం వెనకవైపు చెయ్యి పెడితే, సీసాలో మందు కదలలేదు. వెలుతురులో పట్టుకు చూశాను. మధ్యలో మంచుపలుకు. డాక్టరుగారికి ఫోను చేస్తే, “ఆ సీసా పారెయ్యండి. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగాక చూపుకు మామూలుగానే కనిపించవచ్చు, దాన్ని నమ్మకూడదు. అమ్మగారు ఇప్పుడు వాడుతున్నదీ అక్కడ పెట్టినదేనా?” అన్నారు.

అక్కడ పెట్టినదే.

కొత్త సీసాలు తెచ్చాము. మూడు నాలుగు రోజుల్లో అంకెలు దారికి వచ్చాయి. బుట్ట అటక దిగింది. నన్ను మాత్రం ఒక సందేహం పీడించింది. 3.8 దగ్గర మంచినీళ్లే గడ్డకట్టవు. మందెలా గడ్డకట్టింది?

సాయంత్రం మా కాలేజీ ఫిజిక్సు మేష్టారిని కాఫీకి పిలిచి కథంతా చెప్పాను. ఆయన తాపీగా విని, “మీ సాక్షిచేత ప్రమాణం చేయించారా?” అన్నారు.

“థర్మామీటరుకు ప్రమాణమేమిటండీ?”

“గ్లాసుడు మంచుముక్కలు తెప్పించండి, చెబుతాను.”

ఆ ప్రమాణం మీరూ చేయించవచ్చు. కానీ ఖర్చు లేదు. శుభ్రమైన నీటితో కట్టిన మంచును చితక్కొట్టి గ్లాసు నిండా నింపాలి. సందుల్లో నిండేంతమటుకే చల్లనీళ్లు పొయ్యాలి. మంచు తేలేటన్ని నీళ్లు పోస్తే అడుగున వేరే ఉష్ణోగ్రత ఉంటుంది. ఉప్పు తగలకూడదు, తగిలితే చల్లదనం సున్నాకంటె కిందికి దిగుతుంది. బాగా కలిపి, థర్మామీటరు కొసను గ్లాసు గోడకూ అడుగుకూ ఆనకుండా నడిమధ్యలో ఉంచి, నాలుగైదు నిమిషాలు ఆగాలి. మంచూ నీరూ కలిసి ఉన్నంతసేపూ అక్కడ సున్నా డిగ్రీలే. విజయవాడలోనైనా సున్నాయే, హైదరాబాదులోనైనా సున్నాయే. మరిగే నీటికి ఈ నిలకడ లేదు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఊరు కనక అక్కడ నీరు 100 దాకా పోకుండా 98 ప్రాంతంలోనే మరుగుతుంది.

మా సాక్షిని మంచులో ముంచాము. అంకెలు గబగబా దిగాయి. 5, 4, 3. తరువాత నెమ్మదించి 2.6 దగ్గర ఆగిపోయాయి. పది నిమిషాలు చూశాము. 2.6.

సున్నా అనవలసినచోట 2.6 అంటున్నదన్నమాట. అంటే నేను 3.8 అని అమ్మ ముందు వాదించిననాడు అక్కడ నిజంగా ఉన్నది 1.2. అదైనా తీగ కొస వేలాడే మధ్య అరలో. సీసాలున్నది వెనక, ఫ్రీజరు చల్లదనం దిగివచ్చే చోట. అక్కడ సున్నాకు కూడా కిందికి పోయింది.

“మరి దశాంశం దాకా చెబుతుందేమండీ?” అన్నది మా ఆవిడ, పాపం, కొన్నది తానే కనక.

“సన్నగా చెప్పడం వేరు, నిజం చెప్పడం వేరమ్మా,” అన్నారు మేష్టారు. “కంసాలి త్రాసు గురివింద గింజ తేడా కూడా పట్టిస్తుంది. కాని ఒక పళ్లెం అడుగున మైనం అంటుకొని ఉంటే? తూచినంతసేపూ సన్నగానే తూస్తుంది, తప్పుగానే తూస్తుంది.”

ఒక్క ముక్కలో మొత్తం పాఠం చెప్పారాయన. థర్మామీటరు కొనేటప్పుడు మనం చూసేది ఎన్ని అంకెలు చూపిస్తుందని. చూడవలసింది, ఎంత తేడాలోపల నిజం చెబుతానని హామీ ఇస్తుందని. ఈ రెండో అంకె అట్టపెట్టె మీదనో, లోపలి కాగితంలోనో ‘ప్లస్ ఆర్ మైనస్ ఇంత’ అని ఉంటుంది. అది లేని వస్తువును కొనకపోవడం మంచిది. కొన్నా మంచుగ్లాసు చూపించకుండా నమ్మకూడదు. తప్పు ఎంతో తెలిసిపోతే పాత వస్తువు పారెయ్యనూ అక్కరలేదు. మా పెట్టె మీద ఇప్పుడు మా ఆవిడ ‘2.6 తీసెయ్యాలి’ అని చీటీ అంటించింది. సున్నాకు దగ్గరి చల్లదనాల్లో ఆ లెక్క సరిపోతుంది.

ఇక్కడ అనలాగు, డిజిటల్ అనే మాటల సంగతి కొంచెం తేల్చుకోవాలి. డిజిటల్ అంటే కొత్తది, కచ్చితమైనది అనీ, అనలాగు అంటే పాతది, ఉజ్జాయింపుది అనీ మనలో ఒక భ్రమ ఉంది. నాకూ ఉండేది. మేష్టారు మా పెట్టెలోని గుట్టు చెప్పారు. తీగ కొసన ఉన్నది థర్మిస్టరు అనే చిన్న పూస. వేడి పెరిగితే అది కరెంటును తేలికగా పోనిస్తుంది, చల్లబడితే అడ్డుపడుతుంది. బజారులో విరివిగా దొరికే రకం 25 డిగ్రీల దగ్గర 10 వేల ఓములు అడ్డితే, సున్నా దగ్గర 30 వేలు దాటి అడ్డుతుంది. ఆ అడ్డు మెట్లుమెట్లుగా మారదు. నీడ జరిగినట్లు, ఎక్కడా ఆగకుండా మారుతుంది. అదే అనలాగు. ఆ మార్పును కొలిచి, అంకెగా మార్చి చూపించేది తలుపు మీది పెట్టె. అంటే మా ‘డిజిటల్’ థర్మామీటరుకు నోరు మాత్రమే డిజిటల్. చర్మం అనలాగు.

ఆ మాటకొస్తే వేడిని తాకే ప్రతి వస్తువూ మూలంలో అనలాగే. జ్వరం చూసే పాత గొట్టంలో పాదరసం పొంగడం అనలాగు. ఇస్త్రీపెట్టెలో టిక్కుమని ఆరిపోయే మీట అనలాగు. రెండు లోహాల రేకులు కలిపి అతికితే, వేడికి ఒకటి ఎక్కువగా సాగి రేకు వంగుతుంది, కరెంటు తెగుతుంది. కనక ‘అనలాగా, డిజిటలా’ అన్న ప్రశ్నకు అసలు అర్థం ఇది: వేడి కబురు అంకెగా ఎక్కడ మారుతున్నది? పుట్టినచోటే మారుతున్నదా, తీగ వెంట ప్రయాణం చేసి వచ్చాక మారుతున్నదా?

ఇది నాకు బోధపడింది మా మేనల్లుడి ధర్మమా అని. ఇంజనీరింగు మూడో సంవత్సరం కుర్రవాడు. అమ్మమ్మకు జరిగిన అన్యాయం విని, ఆదివారంనాడు సంచీతో దిగాడు.

“మామయ్యా, ఫ్రిజ్ సంగతి హాల్లో కూర్చుని చూసుకునేట్టు చేస్తాను,” అని రెండు వస్తువులు బల్లమీద పెట్టాడు. రెండూ నల్లగా, మినపగింజంతేసి ఉన్నాయి. రెండింటికీ మూడేసి కాళ్లు. కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకదాని పేరు ఎల్.ఎం.35, రెండోదాని పేరు డి.ఎస్.18బి20. మొదటిది అనలాగు, రెండోది డిజిటల్.

ముందు ఎల్.ఎం.35 పెట్టాడు. అది డిగ్రీకి 10 మిల్లీవోల్టుల చొప్పున విద్యుత్తు ఇస్తుంది. 25 డిగ్రీలైతే 250 మిల్లీవోల్టులు. లెక్క పిల్లలకు కూడా తెలిసేంత సుళువు. వంటింట్లోంచి హాల్లోకి నాలుగు గజాల తీగ లాగి, ఇవతల అంకెగా మార్చే బోర్డు కట్టాడు. బాగానే చూపించింది, ఫ్రిజ్ మోటారు గుర్రుమనేదాకా. మోటారు అందుకోగానే అంకె ఎగిరి గంతేసింది. 4 అన్నది 7 అంది, మళ్లీ 3 అంది. టార్చిలైటు బ్యాటరీ ఇచ్చే 1.5 వోల్టులో 10 మిల్లీవోల్టులు నూటయాభయ్యో వంతు. దారిలో మోటారువల్ల ఆపాటి అలజడి కలిస్తే ఒక డిగ్రీ తేడా వచ్చినట్టే. కలిసినదేదో అసలేదో ఇవతలివాడికి తెలియదు. నాలుగిళ్లు తిరిగి వచ్చిన కబురువంటిదన్నమాట. ఎవరు ఎంత కలిపారో చెప్పలేము.

“ఇంకొక లోపం ఉంది మామయ్యా. మామూలుగా ఒక్క బ్యాటరీతో కడితే ఇది 2 డిగ్రీలకు కింద సరిగా చెప్పలేదు. మైనస్ వోల్టేజి కూడా ఇచ్చి కడితేనే కిందికి పోతుంది,” అన్నాడు.

నాకు ఒళ్లు జలదరించింది. మా అమ్మ మందుకు ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా 2 దగ్గరే. అక్కడే నోరు మూసుకునే సాక్షి మాకెందుకు?

తరువాత డి.ఎస్.18బి20. ఇది వేడిని తన కడుపులోనే అంకెగా మార్చి, ఒకట్లూ సున్నాలుగా తీగమీద పంపుతుంది. మోటారు గుర్రుమన్నా అంకె గంతెయ్యలేదు. దారిలో అలజడి కలవదా అంటే కలుస్తుంది. కాని ప్రతి సందేశం చివరా ఒక తనిఖీ అంకె కూడా పంపుతుంది. వచ్చిన సందేశానికీ ఆ అంకెకూ పొత్తు కుదరకపోతే, ఇవతలి బోర్డు దాన్ని తోసేసి మళ్లీ అడుగుతుంది.

ఇది విన్నాక తెలుగు మేష్టారినైన నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఇది మన ఛందస్సే! వచనంలో లేఖకుడు ఒక మాట వదిలేస్తే ఎవరికీ తెలియదు. ఉత్పలమాలలో ఒక్క అక్షరం వదిలెయ్యమనండి. పాదానికి 20 అక్షరాలుండాలి, గణాలు తప్పుతాయి, పదో అక్షరం దగ్గర యతి తప్పుతుంది. పోయినదేదో తెలియకపోయినా, పోయిందని తెలిసిపోతుంది. తాళపత్రాలమీద మన పద్యాల్లోని తప్పులు ఇలాగే పట్టుబడ్డాయి. అనలాగు కబురు వచనం, డిజిటల్ కబురు పద్యం అన్నమాట.

“మరీ అంత మురిసిపోకు మామయ్యా, ఇదీ అబద్ధమాడుతుంది,” అన్నాడు మావాడు. అన్నట్టుగానే ఒకసారి ఫ్రిజ్‌లో 85 డిగ్రీలని చూపించింది! కరెంటు అందగానే అది మొదట తన చిట్టాలో 85 రాసుకుని కూర్చుంటుందట. కొలవమని చెప్పి, కొలిచేదాకా ఆగకుండా అడిగితే ఆ 85నే అప్పజెబుతుంది. అతి సన్నగా కొలవాలంటే ముప్పావు సెకను ఆగాలి. ఇంకొకటి. డిగ్రీలో పదహారో వంతు కూడా ఇది చూపించగలదు; కాని తయారీదారు హామీ ఇచ్చేది, మైనస్ 10నుంచి 85 దాకా, అర డిగ్రీ అటూ ఇటూ మాత్రమే. కంసాలి త్రాసు సంగతి మళ్లీ గుర్తుచేసుకోండి. పైగా బజారులో నకిలీలు కూడా ఉన్నాయి. కనక దీన్నీ మంచులో ముంచాల్సిందే. స్టీలు తొడుగు ఉన్న రకమైతే నేరుగా ముంచవచ్చు. ఉత్తి కాళ్లతో ఉన్నదైతే పాలిథీన్ సంచీలో చుట్టి ముంచాలి. మాది 0.2 చూపించింది. సరేననుకున్నాము.

ఈ జాతిలో ఒక్కొక్కదానికీ పుట్టుకతోనే వేరువేరు నంబరుంటుంది, ఇంటి నంబరులాగా. అందుచేత ఒకే తీగమీద నాలుగైదింటిని కట్టినా ఎవరు పలికారో తెలుస్తుంది. మావాడు మూడు కట్టాడు. మీట మళ్లీ 3కి తిప్పి ఒక పూట ఆగి చూశాము. వెనక 2.3, మధ్య 4.9, తలుపు అరలో 9.4. ఒకే ఫ్రిజ్‌లో మూడు రుతువులు! వెనక గడ్డకట్టే భయం, తలుపు దగ్గర వేడి తగిలే భయం. మందుసీసాలకు మధ్య అరలో మూతడబ్బా ఒకటి కేటాయించాము. సెన్సరు కొసను కూడా నీళ్లు నింపిన చిన్న సీసాలో పెట్టి ఆ డబ్బా పక్కనే ఉంచాము. తలుపు తీసినప్పుడల్లా గాలి వేడెక్కుతుంది గాని మందు వెంటనే వేడెక్కదు. మనకు కావలసింది గాలి జాతకం కాదు, మందు జాతకం. ఏ సెన్సరు కొన్నామన్నదానికంటె ఎక్కడ పెట్టామన్నది ఎక్కువని అప్పుడు తెలిసింది.

అలాగని అనలాగును చులకన చెయ్యకండి. తీగ పొట్టిగా ఉండి, కొలిచే బోర్డు పక్కనే ఉంటే ఎల్.ఎం.35 లాంటిది చక్కగా పనిచేస్తుంది. ప్రోగ్రాము బాధ తక్కువ. అడిగిన క్షణంలో జవాబు. మామూలు గది వేడి చూసుకోవడానికి అది చాలు. బట్టీలలో, కొలుముల్లో అయితే ఈ నల్లగింజలు రెండూ మాడిపోతాయి. అక్కడికి థర్మోకపుల్ కావాలి. రెండు వేరువేరు లోహపుతీగల కొసలు కలిపి, ఆ కలిసినచోట వేడి చేస్తే విద్యుత్తు పుడుతుంది. 1821లో సీబెక్ గమనించిన ధర్మమిది. ఎక్కువ వాడుకలో ఉన్న కె రకం డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులే ఇస్తుంది, కాని 1000 డిగ్రీలకు పైన కూడా నిలబడుతుంది. ఏళ్లతరబడి మాట మారకూడదనుకునే ఫ్యాక్టరీలకూ ప్రయోగశాలలకూ ప్లాటినం తీగ ఉంది. సున్నా దగ్గర 100 ఓములు ఉండేది 100 డిగ్రీల దగ్గర 138.5 అవుతుంది. ఖరీదు ఎక్కువ, నిలకడా ఎక్కువే.

ఇంట్లో జ్వరానికా? నాలుక కింద పెట్టే మామూలు డిజిటల్ థర్మామీటరు చాలు. కూతపెట్టేదాకా తియ్యకపోతే సరి. నుదుటికి గురిపెట్టే తుపాకీ థర్మామీటరు చర్మంనుంచి వచ్చే వేడి కిరణాలను చూస్తుంది. ఫ్యాను కింద కూర్చుని చెమటపట్టిన నుదురు అయితే తక్కువ చెప్పవచ్చు. గుంపులో ఎవరికి జ్వరముందో ఏరడానికి పనికివస్తుంది గాని, పసిబిడ్డ మూలుగుతుంటే దానిమాట పట్టుకుని నిశ్చింతగా ఉండకూడదు.

ఇవన్నీ మావాడు, నేనూ రాత్రి భోజనాల దగ్గర అమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాము. ఆమె మామిడిపండు ముక్క ఒక్కటి, డాక్టరుగారు ఒప్పుకున్నంతే, నంజుకుంటూ విన్నది.

“నీ అంకెలూ, ఛందస్సూ నాకు తెలియవు నాయనా,” అన్నది చివరికి. “ఒక్కటే చెబుతాను. ఈసారి ఎవరినైనా దొంగ అనేముందు, నీ సాక్షిని మంచునీళ్లలో ముంచి చూడు.”